4,000 ఫీజు, మూడు రోజుల 'గెట్'

గుంటూరు బ్రాడీపేటలో నెల రోజులు స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకు వెళ్లాను. ఫీజు 4,000. నాకు 58 ఏళ్లు. మే నెలలో డాలస్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లాలి, అందుకే ఈ వయసులో ఈ చదువు. సంస్థ పేరు రాయడం లేదు. రెండో నెలకని ముందే కట్టించుకున్న డబ్బు సంగతి వాళ్లతో ఇంకా తేలలేదు.

బాగోలేనివి ముందు చెప్పేస్తాను. బోర్డు మీద ఏసీ అని ఉంటుంది, గదిలో రెండు ఫ్యాన్లు, అందులో ఒకటి తిరగదు. బ్యాచ్‌కి 20 మందే అన్నారు, 38 మందిమి కూర్చున్నాం. ఇచ్చిన పుస్తకం జిరాక్స్, మధ్యలో కొన్ని పేజీలు తలకిందులు.

అయినా ఐదుకి నాలుగు ఇస్తున్నానంటే సాయంత్రం వచ్చే మాస్టారి వల్లే. ఆయన మూడు రోజులు 'గెట్' అనే ఒక్క మాటే చెప్పారు. "గెట్ రానిదెవరికి సార్" అని వెనక బెంచీ పిల్లలు నవ్వారు. ఆయనేమీ అనకుండా బోర్డు మీద తెలుగులో రాశారు: నాకు జీతం వచ్చింది, నాకు జలుబు చేసింది, నాకు కోపం వచ్చింది, వానలో తడిశాను, ఇల్లు చేరాను. అన్నీ గెట్‌తోనే చెప్పమన్నారు. ఐ గాట్ మై శాలరీ, ఐ గాట్ ఎ కోల్డ్, ఐ గాట్ యాంగ్రీ, ఐ గాట్ వెట్, ఐ గాట్ హోమ్. మనకి జీతమైనా కోపమైనా దానంతట అదే వస్తుంది, మనం 'నాకు' అని పక్కన నిలబడతాం. వాళ్లకి 'ఐ' ముందు కూర్చోవాల్సిందే, జలుబును కూడా తనే వెళ్లి తెచ్చుకున్నట్టు! ఇన్నేళ్లూ నేను 'టు మీ' అంటూ ఎందుకు తడబడ్డానో ఆ రోజు తెలిసింది.

రెండో రోజు దాని పుట్టుక. ఇది ఇంగ్లండులో పుట్టిన మాట కాదట. డెన్మార్క్, నార్వేల వైపు నుంచి వైకింగులనేవాళ్లు ఓడల మీద వచ్చి అక్కడ స్థిరపడ్డప్పుడు వాళ్ల భాషలోని 'గెట' నుంచి వచ్చింది. ఎగ్, స్కై, నైఫ్ కూడా వాళ్లవేనట. దీని చుట్టం ఒకటి ఇంగ్లీషులో ముందే ఉంది, కానీ విడిగా కాదు, ఇంకో మాటకి అతుక్కుని. ఫర్‌గెట్‌లోని గెట్ అదే. పట్టుకున్నది చేజారడం, అంటే మరిచిపోవడం. తాళాలు ఎక్కడ పెట్టానో వెతుక్కునే నాకు ఈ మాట బాగా పట్టింది.

మూడో రోజు నాకోసమే చెప్పినట్టుంది. పోయినసారి వీడియో కాల్‌లో మా కోడలికి కొత్త జాకెట్టు చూపించి "ఐ స్టిచ్డ్ దిస్" అన్నాను. "మిషన్ ఎప్పుడు కొన్నారత్తయ్యా?" అంది. కుట్టింది మా వీధి టైలరు! మనం 'కుట్టాను' అన్నదాన్ని 'కుట్టించాను' చేస్తే చాలు, పని వేరేవాళ్లదని తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ 'ఇంచు' పని గెట్ చేస్తుంది: ఐ గాట్ ఇట్ స్టిచ్డ్. మాస్టారు ఇది చెప్పగానే నాకు నవ్వాగలేదు.

బస్సు దిగడం దగ్గర మాత్రం మాకూ ఆయనకీ కాస్త వాదన జరిగింది. 'గెట్ డౌన్' అని ఊరంతా అంటాం, అక్కడ 'గెట్ ఆఫ్' అనాలట. కారైతే 'గెట్ అవుట్'. మనకి అన్నిటికీ దిగడమే కదా! ఇది నాకింకా నోటికి రావడం లేదు. గెట్‌కి మూడో రూపంగా మా మనవరాలు అనే 'గాటెన్' తప్పు కాదని కూడా తెలిసింది. అది పాత రూపమే, అమెరికావాళ్లు ఉంచుకున్నారు, బ్రిటిష్‌వాళ్లు చాలావరకు వదిలేశారు. నేను అనవసరంగా దిద్దాను పాపని.

ఎక్కడ చేరినా ముందు ఒక రోజు ఊరికే కూర్చుని చూసి కట్టండి. ఇక్కడ సాయంత్రం ఐదింటి బ్యాచ్ ఒక్కటే ఈయనది. ఉదయం వచ్చే ఆయన జిరాక్స్ పుస్తకం పైకి చదివి వెళ్లిపోతారు, తలకిందులుగా ఉన్న పేజీలు వదిలేసి.