గ్నూ మేక్‌లోని ఫైల్ పాత్ ఫంక్షన్లు: ఒక సమీక్ష

లినక్స్ మీద సీ ప్రాజెక్టులు నిర్మించేవారికి, సోర్స్ ఫైళ్ల నుంచి ప్రోగ్రామ్‌ను తయారుచేసే గ్నూ మేక్‌ను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. అందులోని ఫైల్ పాత్ ఫంక్షన్ల, అంటే ఫైళ్ల చిరునామాలను మలిచే సాధనాల గురించి మాత్రం నిష్కర్షగా చెప్పవలసింది కొంత ఉంది. వీటిలో చాలావరకు డిస్కు వైపు కన్నెత్తి చూడవు. ఇచ్చిన అక్షరాలను కోసి, అతికించి తిరిగి ఇస్తాయే తప్ప ఆ ఫైలు నిజంగా ఉందో లేదో వాటికి పట్టదు. కంపైల్ చేశాక వచ్చే, ఇంకా తయారు కాని ఆబ్జెక్ట్ ఫైళ్ల పేర్లను ముందుగానే కూర్చుకోవలసిన బిల్డ్‌కు కావలసిన గుణం ఇదే.

నా దృష్టిలో వీటికి తోడుగా వాడే, నమూనా ప్రకారం పేర్లను మార్చే ప్యాట్‌సబ్‌స్ట్ అన్నిటికంటే మేలైనది. ‘ఎస్ఆర్‌సీ/%.సీ’ అనే నమూనాను ‘బిల్డ్/%.ఓ’గా మార్చమంటే, శాతం గుర్తుకు సరిపడిన భాగాన్ని ఉపడైరెక్టరీలతో సహా యథాతథంగా కొత్త పేరులోకి తెస్తుంది. ఈ మాత్రానికి షెల్‌ను (ఆదేశాలు నడిపే ప్రోగ్రామ్‌ను) పిలిచి, పాఠాన్ని మార్చే సెడ్ నడపడం వృథా ప్రయాస.

బేస్‌నేమ్ విషయంలో పేరే మోసం చేస్తుంది. షెల్‌లో అదే పేరుగల ఆదేశం డైరెక్టరీని తీసేస్తుంది. మేక్‌లోనిది డైరెక్టరీని ఉంచి, ఎక్స్‌టెన్షన్‌ను తొలగిస్తుంది. డైరెక్టరీ పోవాలంటే ఇక్కడ నాట్‌డిర్ వాడాలి, అదీ జాగ్రత్తగా, ఎందుకంటే స్లాష్‌తో ముగిసే పేరుకు అది ఏమీ ఇవ్వదు. డైరెక్టరీ భాగాన్ని ఇచ్చే డిర్ చివరి స్లాష్‌ను అలాగే ఉంచుతుంది గనుక, దాని ఫలితాన్ని నేరుగా నాట్‌డిర్‌కు అందిస్తే చేతికి శూన్యమే వస్తుంది. మధ్యలో ప్యాట్‌సబ్‌స్ట్‌తో ఆ స్లాష్‌ను తీసేయాలి.

2006 నాటి 3.81 వెర్షన్‌లో చేరిన రెండు ఫంక్షన్లలో, అబ్స్‌పాత్ సింబాలిక్ లింకులను (వేరే ఫైలును సూచించే పేర్లను) పట్టించుకోకుండా పూర్తి పాత్ ఇస్తుంది. రియల్‌పాత్ లింకులను విప్పి చూస్తుంది, ఫైలు లేకపోతే ఏమీ ఇవ్వదు. నమూనాకు సరిపోయే ఫైళ్లను డిస్కులో వెతికే వైల్డ్‌కార్డ్ ఫలితాల వరుస 3.82 నుంచి 4.3 వచ్చేదాకా ఖాయం కాదు కాబట్టి, దానిని వరుసలో పేర్చే సార్ట్‌కు అప్పగించడమే మంచిది.

అసలు లోపం ఖాళీల దగ్గర ఉంది. మేక్‌కు ఖాళీ అంటే రెండు పదాల మధ్య హద్దు. ‘మై వర్క్’ వంటి పేరుగల డైరెక్టరీలో మేక్‌ఫైల్ (మేక్ చదివే సూచనల ఫైలు) ఉంటే, అబ్స్‌పాత్ సరైన పాత్‌నే ఇస్తుంది, కానీ దానిని అందుకున్న డిర్ రెండు వేర్వేరు పేర్లుగా భావించి రెండు డైరెక్టరీలను చూపుతుంది. హెచ్చరిక కూడా రాదు. కోట్ గుర్తులు పెట్టినా ఈ ఫంక్షన్లకు అవి మామూలు అక్షరాలే. ప్రాజెక్టును ఖాళీ లేని పేరుగల డైరెక్టరీలోకి మార్చడం కంటే నమ్మకమైన మందు నాకు కనిపించలేదు.