ఏ4 పెట్టినా లెటర్ కాగితమే కావాలనే ప్రింటర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

బాలాజీ కాలనీలోని మా జెరాక్స్ దుకాణంలో ఈ లేజర్ ప్రింటర్‌కు షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా తీరిక ఉండదు. వేగం, టోనర్ ఖర్చుల గురించి నాకు ఫిర్యాదు లేదు. నా గొడవంతా ఒక్కదానితోనే. ట్రే నిండా ఏ4 కాగితాలు పెట్టి, కంప్యూటర్లోనూ ఏ4 ఎంచుకున్నాక కూడా, ఉన్నట్టుండి ఆగిపోయి, నారింజ దీపం మిణుకుమనిపిస్తూ లెటర్ కాగితం పెట్టమంటుంది. అది అమెరికాలో వాడే 8.5 × 11 అంగుళాల కాగితం. తిరుపతిలో నేను సరుకు తెచ్చుకునే ఏ స్టేషనరీ దుకాణంలోనూ నాకు కనబడలేదు.

వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో థీసిస్‌లు సమర్పించే రోజుల్లో ఒక భూగర్భశాస్త్ర విద్యార్థి పీడీఎఫ్ తెచ్చాడు. మొదటి అధ్యాయం సాఫీగా వచ్చింది, రెండోదానిలో యంత్రం ఆగింది. "కాగితాలు నిండుగా ఉండాయి గదనా, ఇంకా ఏం కాగితం అడగతా ఉండాది?" అన్నాడతను. అదే అధ్యాయాన్ని వర్డ్ ఫైల్ నుంచి పంపితే ఎక్కడా ఆగకుండా వచ్చేసింది. దాంతో పీడీఎఫ్ పాడైందనుకున్నాము, కేబులు మార్చాము, చివరికి కంప్యూటర్ నుంచి ప్రింటర్‌ను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ వేశాము. జాబితాలో అదే ప్రింటర్ 'కాపీ 1' పేరుతో రెండోసారి చేరి, అంతకుముందు చేసిన అమరికలన్నీ పోవడం తప్ప ఒరిగిందేమీ లేదు.

అసలు కారణం ఆ అధ్యాయం లెటర్ పుటలతో తయారైన విదేశీ టెంప్లేట్ మీద రాసినది కావడం. వర్డ్ ఆప్షన్లలో ఏ4, లెటర్ కొలతల మధ్య సరిపెట్టే అంశం మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి, అది ఎవరికీ చెప్పకుండా పుటను సుమారు 97 శాతానికి కుదించి పంపుతుంది. పీడీఎఫ్ రీడర్‌లో మాత్రం పుట కొలతను బట్టి కాగితం ఎంచుకోమనే గడిలో టిక్కు ఉంది. నేను విండోస్‌లో ఏ4 పెట్టినా, సాఫ్ట్‌వేర్ పనితోపాటు పంపిన కొలతదే పైచేయి అవుతుంది. వర్డ్ నుంచి వచ్చిన ప్రతి సరిగ్గానే ఉందని మేము సంతోషిస్తుండగా, ఆ అబ్బాయి స్కేలు తీసి పటం కింద 10 సెంటీమీటర్లు ఉండవలసిన కొలగీతను కొలిచాడు, 9.7 వచ్చింది. పటాన్ని ఏ4లో మళ్లీ అమర్చి తెమ్మనక తప్పలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో మార్చినది ఆ యూజర్‌కు మాత్రమే వర్తిస్తుంది. మా కుర్రవాడు తన లాగిన్‌తో కూర్చుంటే మళ్లీ లెటరే వచ్చేది. ప్రింటర్ ప్రాపర్టీస్‌లోని అడ్వాన్స్‌డ్ విభాగంలో ప్రింటింగ్ డిఫాల్ట్స్ మార్చి, అతని లాగిన్‌లోనూ ఒకసారి సరిచేశాక ఆ బాధ తీరింది.

చాలా ఆలస్యంగా దొరికిన సంతోషం ఒకటుంది. యంత్రం సొంత మెనూలోనే, లెటర్ అడిగితే ఏ4 మీదే వేసేయమనే అంశం ఉంది! దాన్ని ఆన్ చేసినప్పటి నుంచి దీపం మిణుకుమనడం దాదాపు ఆగిపోయింది. అయితే లెటర్ వెడల్పు 216 మిల్లీమీటర్లు, ఏ4 వెడల్పు 210. అందుచేత అంచు దాకా గీత ఉన్న సర్టిఫికెట్లలో ఆ గీత తెగిపోతోంది. అంచులు ధారాళంగా వదిలే థీసిస్‌లకు ఏ ఇబ్బందీ లేదు.

కొన్న కొత్తలో, రెండువైపులా దానంతటదే ముద్రించడాన్ని కనబడినవారికల్లా మెచ్చుకున్నాను. ఇప్పటికీ మెచ్చుకుంటాను గానీ, పని మధ్యలో ఆగినప్పుడు ఏ పుట వెనుక ఏది పడిందో వెతుక్కోవడం నరకం కాబట్టి, తెలియని పెన్‌డ్రైవ్ నుంచి వచ్చిన పెద్ద ఫైళ్లను ముందు పుట కొలత చూడకుండా పంపడం లేదు.

దీనికి సరిపడే టోనర్లు నా దగ్గర నిల్వ ఉన్నాయి, రీఫిల్ చేసే మనిషి దగ్గరలోనే ఉన్నాడు. కనుక ఇప్పట్లో మార్చను. తన ఫైళ్లు తానే తయారుచేసుకుని ఇంట్లో ఒక్కరే వాడుకునేవారికి ఈ తలనొప్పి ఎదురుకాకపోవచ్చు. నాలాగా ఊరందరి ఫైళ్లూ ముద్రించేవారు మాత్రం, కొనేముందు ఆ మెనూ అంశం తమ మోడల్‌లో ఉందో లేదో అడిగి చూపించుకోవాలి.