పాత జపాన్ పోస్ట్‌కార్డు ఏ కాలానిది? పోస్టల్ ముద్ర చూడాలా, వెనుక చిరునామా వైపు ఉండే గీత చూడాలా?

నన్నడిగితే ముందు గీతే. జపాన్‌లో ప్రైవేటు బొమ్మల కార్డులకు 1900లో అనుమతి వచ్చింది, మొదట్లో చిరునామా వైపు గీతే ఉండదు, 1907 నుంచి మూడో వంతు దగ్గర గీత గీసి కింద కబురు రాసుకోనిచ్చారు, 1918 నుంచి ఆ గీత సగానికి జరిగింది. కార్డు పోస్టు చేయకపోయినా ఈ ఆధారం పోదు. ఇంకోటి, పైన అచ్చయిన 'యూబిన్ హగకి' (పోస్ట్‌కార్డు అని అర్థం) అన్న జపనీస్ మాటలో 'గ' అక్షరం పక్కన రెండు చిన్న గీతలు లేకపోతే అది సాధారణంగా 1933కి ముందుది.

పోస్టల్ ముద్ర అయితే తేదీతో సహా చెప్తుంది, అది చాలా గొప్ప విషయం, కానీ అందులో ఉండేది చక్రవర్తి పాలనా సంవత్సరం. మెయిజి, తైషో, షోవా అనేవి వరుసగా ఆ పాలనా కాలాల పేర్లు. 8 అని ఉంటే తైషో 8 అయితే 1919, షోవా 8 అయితే 1933! మెయిజికి 1867, తైషోకి 1911, షోవాకి 1925 కలపాలి. ఏది కలపాలో తేల్చేది మళ్ళీ కార్డు మీద అచ్చైన ఆ గీత, ఆ అక్షరమే. పైగా గీత చెప్పేది కార్డు అచ్చైన కాలం, పాత స్టాకు ఏళ్ళ తర్వాత కూడా వాడేవాళ్ళు కాబట్టి ముద్ర కొంచెం ఆలస్యంగా ఉంటే కంగారు పడకండి. ముద్ర గీత కంటే ముందు కాలానిదైతే మాత్రం అనుమానించాల్సిందే, కొనకండి.