హారడ్-డోమర్ చెప్పే మాస్టార్లకు పనికొచ్చే పుస్తకం

విలియం ఈస్టర్లీ రాసిన ‘ది ఎల్యూసివ్ క్వెస్ట్ ఫర్ గ్రోత్’ అమలాపురంలో దొరక్క ఆన్‌లైన్‌లో తెప్పించాను. అట్ట మూల నలిగి వచ్చింది, అక్షరాలు సన్నం. అయినా ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెప్పే నాలాంటివాడికి పెట్టిన డబ్బు గిట్టింది.

ఈస్టర్లీ ఎంఐటీలో పీహెచ్‌డీ చేసి 1985లో ప్రపంచ బ్యాంకులో చేరాడు. అక్కడ 16 ఏళ్లు పనిచేశాక 2001లో ఈ పుస్తకం వచ్చింది. తర్వాత న్యూయార్క్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. పేద దేశాల విషయంలో తన పెద్దల లెక్కలు ఎక్కడ తప్పాయో లోపల ఉన్నవాడే చెప్పడం ఇందులో అసలు విశేషం.

ఇంత పెట్టుబడికి ఇంత వృద్ధి అని మనం బోర్డు మీద రాసే హారడ్-డోమర్ సూత్రంతోనే బ్యాంకువాళ్లు ఏ దేశానికి ఎంత సాయం కావాలో తేల్చేవారట. వృద్ధికి అది పనికిరాదని, ఆ సూత్రం కట్టినవాళ్లలో ఒకడైన డోమరే 1957లో ఒప్పుకున్నాడు! ఆ లెక్కే నిజమైతే, అందిన సాయానికి 1994 నాటికి ఆఫ్రికాలోని జాంబియా తలసరి ఆదాయం 20 వేల డాలర్లు దాటాలి. ఉన్నది 600.

మనుషులు గిట్టుబాటు చూసుకునే కదులుతారన్నది ఈయన వాదన. కోనసీమవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. కాటన్ దొర కట్టించిన కాలవలు ఉన్నాయి, భూమి ఉంది. అయినా 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు కాదని రైతులు క్రాప్ హాలిడే అని నాట్లు మానేశారు.

నాకు బాగా పట్టింది బంగ్లాదేశ్ కథ. 1979లో దేశ్ అనే బట్టల కంపెనీ 130 మందిని దక్షిణ కొరియాలోని దేవూ దగ్గరికి పంపి పని నేర్పించింది. తిరిగొచ్చాక వాళ్లలో 115 మంది కంపెనీ వదిలేసి సొంత గార్మెంట్ వ్యాపారాలు పెట్టుకున్నారు. కంపెనీ పని నేర్పిన మనుషుల్ని పోగొట్టుకుంది, దేశానికి ఒక పరిశ్రమ పుట్టింది. మా వైపు నుంచి గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు డాబాలు కట్టారు గానీ, ఫ్యాక్టరీ పెట్టినవాళ్లను నేనైతే చూడలేదు. అక్కడ వాళ్లకు చెప్పిన పని అలాంటిది మరి.

లోపాలూ ఉన్నాయి. ఏం చేయకూడదో చెప్పినంత గట్టిగా ఏం చేయాలో చెప్పడు. ఇండియా గురించి చాలా తక్కువ. ఇంగ్లీషు మాత్రం తేలికే, మధ్యమధ్య వ్యంగ్యం కూడా పడుతుంది.

మొత్తం చదివే ఓపిక లేకపోతే రెండు, మూడు, ఎనిమిది అధ్యాయాలు చాలు. చదువులు పెరిగినా వృద్ధి ఎందుకు రాలేదో చెప్పే నాలుగోది, పిల్లల ఇంజినీరింగ్ ఫీజు కట్టేముందు తల్లిదండ్రులు చదువుకోవచ్చు.