కాంబిఫ్లామ్: నొప్పికి మంచిదే, ఆస్పిరిన్ వాడేవాళ్లకు జాగ్రత్త

అలిపిరి మెట్లు 3,550 ఎక్కి పిక్కలు పట్టేసినవాళ్లు తిరుపతి మెడికల్ షాపుల్లో పేరు పెట్టి అడిగే మాత్రల్లో ఇదొకటి. ఒక్కోదానిలో ఐబుప్రోఫెన్ 400, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు. నొప్పి తగ్గించడంలో వంక పెట్టలేం. చిక్కంతా ఐబుప్రోఫెన్‌తోనే.

గాయమైన చోట ప్లేట్‌లెట్లు గట్టిగా అతుక్కోవడానికి థ్రాంబాక్సేన్ అనే రసాయనం తోడ్పడుతుంది. దాన్ని తయారుచేసే కాక్స్-1 ఎంజైమును ఐబుప్రోఫెన్ తాత్కాలికంగా ఆపుతుంది. దాదాపు ఒక రోజులో అంతా మామూలవుతుంది. ఆస్పిరిన్ అలా కాదు, ఆ ప్లేట్‌లెట్ బతికే 7–10 రోజులూ కోలుకోనివ్వదు.

అందుకే రక్తం గడ్డకట్టకుండా గుండెకు ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాములు వాడేవాళ్లు గమనించాలి. ముందుగా ఐబుప్రోఫెన్ పడితే ఆస్పిరిన్ చేరాల్సిన చోట అది కూర్చుంటుంది, గుండెకు రక్షణ తగ్గుతుంది. మామూలు ఆస్పిరిన్ వేసుకున్న అరగంట తర్వాత గానీ, దానికి 8 గంటలకు పైగా ముందు గానీ కాంబిఫ్లామ్ వేసుకుంటే ఆ గొడవ ఉండదు. పేగుల్లో కరిగే పూత ఉన్న రకానికి ఈ అరగంట లెక్క పనికిరాదు, డాక్టర్నే అడగాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లయితే సొంతంగా దీని జోలికే పోవద్దు. మలం తారులా నల్లగా వస్తే కడుపులో రక్తం కారుతున్నట్టే అనుకుని వెంటనే ఆసుపత్రికి, తిరుపతిలో అయితే రుయాకో స్విమ్స్‌కో వెళ్లాలి.

డెంగీ అనుమానం ఉన్న జ్వరానికీ ఇది వద్దు. ప్లేట్‌లెట్లు అసలే పడిపోతుంటాయి, ఉత్త పారాసిటమాల్ చాలు.

ఒక్క మాట. షాపులో కత్తెరతో రెండు మాత్రలు కత్తిరించి ఇస్తే మందు పేర్లున్న ముక్క అవతలే ఉండిపోతుంది. స్ట్రిప్ వెనకవైపు ఫోటో తీసుకోండి.