పాకానికి, నూనెకు, పెరుగుకు: వంటింట్లో ఏ థర్మామీటరు మేలు?

సంక్రాంతి నెల పట్టగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. అరిసెల పాకం కోసం, సకినాల నూనె కోసం థర్మామీటరు కొనాలనుకునేవాళ్లు అడిగేది ఒక్కటే: ముంచి చూసే సూదిది తీసుకోవాలా, తాకకుండా దూరం నుంచే వేడి చూపించే గన్ను తీసుకోవాలా? హన్మకొండలో మా ఇంట్లో ఈ మూడేళ్లలో మూడు రకాలు చేరాయి, మూడూ వాడుతూనే ఉన్నాను. అందుకే ఈసారి విడివిడిగా చెప్పకుండా అంతా ఒకేచోట రాస్తున్నాను.

కరోనా అప్పుడు కొన్న నుదుటి గన్ను ఇంట్లోనే ఉంది, అది వాడుకోవచ్చా అని చాలామంది అడిగారు. వద్దు. అది ఒంటి వేడి చూడటానికి చేసింది, 43 డిగ్రీల సెల్సియస్ దగ్గరే దాని పని అయిపోతుంది. జ్వరం థర్మామీటరు సంగతీ అంతే.

ఇంకో మాట. మన వంటల్లో సగానికి పైగా థర్మామీటరుతో పనే లేదు. పప్పు గానీ, చారు గానీ, మటన్ కూర గానీ, నీళ్లు మరుగుతున్నంతసేపు వంద దగ్గరే ఉంటుంది, మంట పెంచినా అంతే. నాటుకోడి ముక్క లోపల 74 డిగ్రీలు వచ్చేసరికి తినడానికి భయం ఉండదు, కానీ నమలడానికి రాదు. ఆ తర్వాత కూడా ఎంతోసేపు ఉడికితేనే మెత్తబడుతుంది, ఆ సంగతి థర్మామీటరు చెప్పదు. నిజంగా పని పడేది నాలుగు చోట్ల: బెల్లం పాకం, కాగే నూనె, తోడు వేసే పాలు, ఓవెన్లోనో బొగ్గుల మీదో కాల్చే చికెన్. వీటిలో పాకం, నూనె దగ్గరే ఏ థర్మామీటరు ఎంతటిదో తేలిపోతుంది. అక్కడ మన చెయ్యి ఆవిరి మీద ఉంటుంది మరి.

కొనేటప్పుడు అందరూ చూసేది ఎన్ని డిగ్రీల వరకు చూపిస్తుంది, ఎంత కరెక్టుగా చూపిస్తుంది, ధర ఎంత అని. డబ్బా మీద మైనస్ 50 నుంచి 300 వరకు అని, ఒక డిగ్రీ అటూ ఇటూ అని రాసి ఉంటుంది. చాలా వాటి మీద దాదాపు ఇవే అంకెలు. నా లెక్కలో మాత్రం చూడవలసింది వేరే ఉంది: ముంచిన తర్వాత ఎన్ని సెకన్లకు అంకె నిలబడుతుంది?

ఇది నేను ఒక పండుగ పోగొట్టుకుని తెలుసుకున్నాను. మొదట కొన్నది పెన్ను లాంటి సూది థర్మామీటరు, మూడు వందల చిల్లర. ఐస్ నీళ్లలో పెడితే సరిగ్గా సున్నా చూపించింది. ఆ ధైర్యంతో అరిసెలకు దిగాను. అరిసెలకు ఉండపాకం కావాలి, అంటే 112 నుంచి 116 మధ్య. మా అత్తమ్మ పక్కనే పళ్లెంలో నీళ్లు పోసుకుని కూర్చుంది. నేను సూది ముంచాను. 88, 96, 101, 105... అంకెలు ఎక్కుతూనే ఉన్నాయి. ఆవిరి వేళ్లకు తగిలి ఐదారు సెకన్లకే చెయ్యి వెనక్కు తీసుకున్నాను. ఆఖరున కనిపించింది 108. ఇంకా టైముంది అనుకున్నాను. మళ్లీ ముంచితే మళ్లీ అదే తీరు. మూడోసారి ముంచుతుంటే అత్తమ్మ నీళ్లలో ఒక చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసి చూపించింది.

"అయింది బిడ్డా, దింపు."

"ఇంకో నాలుగు డిగ్రీలు రావాలె అత్తమ్మా."

ఆ నాలుగు డిగ్రీలు అప్పటికే వచ్చి ఉన్నాయి. నేను దింపేసరికి పాకం ముదిరింది, పిండి కలుపుతుంటేనే గట్టిపడింది. కిలో బియ్యం పిండి, దానికి తగ్గ బెల్లం, ఇద్దరి పొద్దుటి పని అంతా పోయింది. థర్మామీటరు తప్పు చూపించలేదు. దానికి పది పన్నెండు సెకన్లు కావాలి, నా చెయ్యి ఐదే ఇచ్చింది.

పైగా పాకం మొదటి నుంచి చివరి దాకా ఒక్క తీరుగా వేడెక్కదు. నీళ్లు ఎక్కువున్నంతసేపు 103, 104 దగ్గరే చాలాసేపు ఉంటుంది, మనకు విసుగొస్తుంది. నీళ్లు ఇగిరిపోతున్నకొద్దీ అంకె పరుగెత్తడం మొదలుపెడుతుంది. తీగపాకం ఉండపాకమయ్యే ఆ కాస్త సమయంలోనే మనకు కరెక్టు అంకె కావాలి, సరిగ్గా అప్పుడే నిదానం థర్మామీటరు వెనకబడుతుంది.

తర్వాత మడత సూది కొన్నాను, చాకులా తెరుచుకునే రకం. పదిహేను వందలు పడింది. జాతరకు పోయి వచ్చినప్పుడు మేడారం నుంచి తెచ్చిన బంగారం (అక్కడ బెల్లాన్ని అలాగే అంటారు) ఇంట్లో ఉంది. దానితోనే పల్లి పట్టీలకు పాకం పట్టి, మధ్యలో రెండు థర్మామీటర్లనూ ఒకేసారి ఒకే గిన్నెలో ముంచాను, మా బాబు పక్కన నిలబడి సెకన్లు లెక్కపెట్టాడు. మూడు అనేసరికి మడతది 113 దగ్గర నిలబడింది. అప్పుడు పెన్నుది 97 మీద ఉంది. పదకొండు అనేసరికి పెన్నుది 113కు వచ్చింది, మడతది అప్పటికే 114 దాటింది. పట్టీలకు 145 పైన గట్టి పాకం కావాలి. అక్కడ ఇంకో పది డిగ్రీలు దాటనిస్తే బెల్లం మాడి చేదెక్కుతుంది.

ఈ తేడా అంతా మొన దగ్గర ఉంది. లోపలి సెన్సర్‌కు వేడి అందాలంటే ముందు దాని చుట్టూ ఉన్న ఉక్కు వేడెక్కాలి. పెన్ను రకంలో సూది మొదలు నుంచి కొస దాకా ఒకే మందంగా ఉంటుంది. నా మడత సూదికి చివరి రెండు సెంటీమీటర్లు సన్నగా చెక్కినట్టు ఉంటుంది. థర్మోకపుల్ (రెండు లోహపు తీగల కొసలు కలిపి చేసే సన్న సెన్సర్) పెట్టినవైతే ఇంకా వేగం, రేటు కూడా ఎక్కువే. ఆన్‌లైన్‌లో అన్నింటి మీదా 'ఇన్‌స్టంట్' అనే రాస్తారు. ఆ మాట వదిలేసి, ఫోటో పెద్దది చేసి మొన చూడండి.

నూనె దగ్గర కూడా వేగమే కావాలి. సకినాలు నేను 165, 170 మధ్య వేస్తాను. ఒక వాయి పడగానే నూనె ఇరవై డిగ్రీల దాకా దిగుతుంది. అది మళ్లీ ఎక్కకముందే తర్వాతి వాయి వేస్తే సకినం నూనె పీల్చుకుంటుంది. మరీ కాగనిస్తే నువ్వులు మాడతాయి, లోపల పిండి పచ్చిగానే ఉంటుంది. వాయి తీసిన ప్రతిసారీ మూడు సెకన్లు ముంచి చూడటం కష్టం కాదు. పది సెకన్లయితే రెండు వాయిలకే మానేస్తాం. సూది మొన కడాయి అడుగుకు తగలకుండా నూనె మధ్యలో ఉండాలి, తగిలితే నూనెది కాకుండా ఇనుము వేడి చూపిస్తుంది.

మరి గన్ను? సెకన్ల లెక్కే చూస్తే గన్నే గెలవాలి. మీట నొక్కగానే అంకె వస్తుంది, చెయ్యి మూరెడు దూరంలో ఉంటుంది. నేనూ ఆ ఆశతోనే కొన్నాను. కానీ అది చూసేది పైపొరను మాత్రమే. పాకం మీద నురగ, ఆవిరి ఉంటాయి, అది ఆ నురగ వేడి చెబుతుంది. పాల మీద మీగడ కడితే మీగడ వేడి చెబుతుంది. చికెన్ ముక్క లోపల ఉడికిందా లేదా అన్నది దానికి తెలియదు. ఎర్ర చుక్క పడిన చోటే కొలుస్తుందనుకోవద్దు, ఆ చుక్క గురి చూసుకోవడానికే. కొలిచేది అక్కడి గుండ్రటి మేర అంతటినీ, దూరం పెరిగితే ఆ మేర కూడా పెరుగుతుంది. నిగనిగలాడే స్టీలు గిన్నె మీద పెడితే అసలు వేడి కంటే చాలా తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే మెరిసే లోహం తన వేడిని సరిగా బయటికి వదలదు, చుట్టుపక్కల వేడినే అద్దంలా తిప్పి పంపుతుంది. నూనెను ఒకసారి కలిపి వెంటనే చూస్తే పర్వాలేదు, దగ్గరగానే చెబుతుంది. కాకపోతే ఆవిరి పట్టిన గన్ను లెన్సును తుడుచుకుంటూ ఉండాలి.

గన్ను నాకు నిజంగా ఉపయోగపడేది జొన్నరొట్టె పెనం మీద, దోసె పెనం మీద. నల్లబడిన ఇనుప పెనం మీద అది చక్కగా పని చేస్తుంది. పెనం నడుమ ఎంత కాగింది, అంచున ఎంత కాగింది అని చూసి మంట సర్దుకుంటాను. రొట్టెలు రోజూ చేసుకునే ఇంట్లో రెండో వస్తువుగా కొనుక్కోవచ్చు. మొదటిదిగా మాత్రం నేను కొనమని చెప్పను.

వైరుతో వచ్చే రకం ఓవెన్ ఉన్నవాళ్లకు మంచిది, మాంసంలో గుచ్చి తలుపు వేసేయొచ్చు. గడియారం ముల్లు ఉండే డయల్ రకం కొద్దిపాటి పాకానికి పనికిరాదు, దాని కాడ ఐదారు సెంటీమీటర్లు మునగాలి. గాజు గొట్టం రకం పిల్లలున్న వంటింట్లో వద్దు.

పెన్ను రకాన్ని తీసిపారేయమని కాదు. మీకు పెరుగు కోసమే కావాలంటే అది చాలు, పాల దగ్గర తొందర ఏమీ లేదు, ఆవిరీ ఉండదు. కాగిన పాలు 43కు దిగాక తోడు వేస్తే బాగా తోడుకుంటుంది. 50 పైన వేస్తే తోడులోని బ్యాక్టీరియా దెబ్బతింటుంది. జనవరి చలిలో 44, 45 దగ్గర వేసి గిన్నెకు తువాలు చుడతాను. మే నెలలో 38 దాకా ఆగి తోడు కూడా తగ్గిస్తాను, లేదంటే మధ్యాహ్నానికే పుల్లబడుతుంది. కాల్చే చికెన్‌కు కూడా పెన్నుది సరిపోతుంది. ముక్కలో అన్నిటికంటే మందంగా ఉన్న చోట, ఎముకకు తగలకుండా గుచ్చి, అంకె ఆగేదాకా ఓపిక పట్టి 74 చూసుకోవాలి. పచ్చి ముక్కలో గుచ్చిన సూదిని సబ్బుతో కడగకుండా మళ్లీ ఉడికిన ముక్కలో పెట్టవద్దు. పెన్నుదైనా మడతదైనా పిడి ప్లాస్టిక్కే, కాగుతున్న గిన్నె అంచుకు ఆనించి వదిలేస్తే కరిగిపోతుంది.

పాకం పట్టే ఇల్లయితే మాత్రం ఇంకో వెయ్యీ చిల్లర వేసుకుని సన్న మొన ఉన్న మడత సూదే తీసుకోండి.

ఇంటికి రాగానే, వాపసు గడువు అయిపోకముందే పరీక్షించండి. గ్లాసు నిండా చితక్కొట్టిన ఐసు వేసి, సందుల్లో మాత్రమే నీళ్లు పోసి, రెండు నిమిషాలు కలిపి, మొన గ్లాసుకు తగలకుండా మధ్యలో పట్టుకోవాలి. సున్నాకు ఒక డిగ్రీ అటూ ఇటూ ఉంటే మంచిదే. తర్వాత తెర్లుతున్న నీళ్లలో చూడండి. అక్కడ 100 రాలేదని మొన్న ఒకామె మంచి థర్మామీటరును తిప్పి పంపేసింది. మన వరంగల్ సముద్రమట్టానికి దాదాపు 270 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్లు మరిగేదే 99 దగ్గర.