స్కిజోఫ్రీనియా: చేతిలో ఉన్న పాత మాత్రా, రాబోయే కొత్త మందా?

అమెరికాలో 2024 సెప్టెంబరులో అనుమతి పొందిన కోబెన్ఫీ అనే కొత్త స్కిజోఫ్రీనియా (భ్రమలు కలిగించే తీవ్ర మానసిక వ్యాధి) మందు గురించి విని, దానికోసం ఆగాలా అని విజయవాడ, గుంటూరులలో మానసిక వైద్యుల దగ్గరకు వెళ్లే కుటుంబాలు ఆలోచించడం సహజం.

పనితీరు: పాత మందులైన రిస్పెరిడోన్, ఒలాంజపిన్ మెదడులో డోపమైన్ అనే రసాయన సంకేతాన్ని అందుకునే గ్రాహకాలను అడ్డుకుంటాయి, కోబెన్ఫీ మస్కరినిక్ అనే వేరే రకం గ్రాహకాల మీద పనిచేస్తుంది.

ఖర్చు: పాతవి జనరిక్ రూపంలో చవకగా దొరుకుతాయి. 2024లో విడుదలైనప్పుడు కోబెన్ఫీ అమెరికా ధర నెలకు సుమారు 1,850 డాలర్లు. దాన్ని రూపొందించిన కరూనా కంపెనీని బ్రిస్టల్ మయర్స్ స్క్విబ్ అనే పెద్ద మందుల కంపెనీ 1,400 కోట్ల డాలర్లకు కొన్నది; పోటీగా వస్తుందనుకున్న అబ్‌వీ కంపెనీ వారి ఎమ్రాక్లిడిన్ అనే మందు 2024 నవంబరులో పరీక్షల్లో విఫలమైంది. కాబట్టి ధర త్వరగా దిగుతుందని నేను అనుకోను.

శ్రమ: పాతవి చాలామందికి రోజుకు ఒకసారి చాలు, కొత్తది ఖాళీ కడుపుతో రెండుసార్లు.

ముప్పు: ఒలాంజపిన్‌తో బరువు, మధుమేహం పెరగవచ్చు, రిస్పెరిడోన్‌తో వణుకు రావచ్చు. కోబెన్ఫీతో వికారం, వాంతులు, మలబద్ధకం ఉంటాయి, కాలేయ పరీక్షలూ అవసరం.

ప్రస్తుత మాత్రతో కుదురుగా ఉన్నవారు దానినే కొనసాగించాలి. బరువు పెరిగిందని మాత్ర మానేయాలనుకునేవారు కొత్తదానికోసం ఆగకుండా, బరువు తక్కువగా పెంచే అరిపిప్రజోల్ వంటి మందు గురించి వైద్యుని అడగాలి; రెండు మందులు సరైన మోతాదులో వాడినా జబ్బు తగ్గనివారికి క్లోజపిన్ అనే మందు ఉంది.